ఇంటికి ఒక ప్రాణిని తెచ్చుకునే ముందు



గత కొన్ని నెలలుగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో ఒక విషయం మళ్ళీ మళ్ళీ కనిపిస్తున్నది. "అయ్యగారూ, పిల్లలు కుక్కపిల్ల కావాలని అన్నం మానేసి కూర్చుంటున్నారు, ఏమి చేయమంటారు?" అని ఒక తల్లి అడిగారు. "మా అబ్బాయి అమెరికా వెళుతూ మాకు తోడుగా ఉంటుందని లాబ్రడార్ పిల్లను కొనిచ్చి వెళ్ళాడు. ఇప్పుడది నన్ను వీధిలో ఈడ్చుకొని పోతున్నది" అని ఒక రిటైర్డు మాస్టారు వ్రాశారు. "రామచిలుకను పెంచుకుంటే తప్పా?" అని ఒక ఇంటర్ విద్యార్థిని ప్రశ్న. అందరికీ కలిపి ఈ నెల జవాబు వ్రాస్తున్నాము.

మేము సంఘస్తుల గృహాలకు వెళ్ళినప్పుడు కొన్ని ఇళ్ళలో పెంపుడు ప్రాణులు ఇంటి మనిషిలా తిరుగుతుండగా చూస్తాము. మరికొన్ని ఇళ్ళలో గేటు ప్రక్కన రెండు మూరల గొలుసుకు రోజంతా కట్టివేసిన కుక్క, వంటింటి కిటికీకి వేలాడే ఇరుకు పంజరం, టీపాయ్ మీద గాజు గిన్నెలో ఒంటరిగా తిరిగే చేప కనిపిస్తాయి. ఆ ఇళ్ళవారు క్రూరులు కారు. ముచ్చటపడి తెచ్చుకున్నారు. తెచ్చుకునే ముందు ఎవరూ కూర్చుని ఆలోచించలేదు, అంతే.

నాతాను ప్రవక్త దావీదు రాజుకు చెప్పిన ఉపమానంలో ఒక బీదవాడు, అతని గొఱ్ఱెపిల్ల ఉన్నారు. అతడు దానిని కొనుక్కున్నాడు, తన బిడ్డలతో పాటు పెంచుకున్నాడు. రెండు పనులూ చేశాడు. మనలో చాలామందిమి మొదటి పని సంతోషంగా చేసి రెండవదానిని మరచిపోతాము. ప్రాణిని తేవడమంటే అది బ్రతికినన్నాళ్ళు దానిని చూస్తామని మాట ఇవ్వడమే. గనుక ముందు మన ఇంటిని చూసుకొని, ఆ తర్వాతే ప్రాణిని చూడాలి.

నాలుగు ప్రశ్నలు

ఇంటిల్లిపాదీ భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది, ఎన్ని సంవత్సరాలు? కుక్క సాధారణంగా 10 నుండి 13 సంవత్సరాలు బ్రతుకుతుంది. చిన్న జాతులు 15 వరకు ఉంటాయి. ఇంట్లో పెరిగే పిల్లి 12 నుండి 18 ఏళ్ళు ఉంటుంది. కుందేలు 8 నుండి 10 ఏళ్ళు ఉంటుంది. తొమ్మిదవ తరగతి చదివే అబ్బాయి పేచీపెట్టి తెచ్చుకున్న కుక్కపిల్లకు రెండేళ్ళు నిండకముందే అతడు ఇంటర్‌కని హాస్టల్‌లో చేరతాడు. మిగిలిన పదేళ్ళు దానిని చూసేది అమ్మానాన్నలే. కాబట్టి అమ్మానాన్నలకు ఇష్టం లేని ప్రాణి ఆ ఇంటికి రాకూడదు.

రెండవది, ఎవరు చూస్తారు? "అందరమూ చూస్తాము" అంటే ఎవరూ చూడరని అర్థం. ఉదయం బయటికి తీసుకెళ్ళేది ఎవరు, నీళ్ళు మార్చేది ఎవరు, మనం పెళ్ళికో కన్వెన్షన్‌కో నాలుగు రోజులు ఊరికి వెళితే చూసేది ఎవరు? పేర్లు పెట్టి చెప్పుకోండి.

మూడవది, చోటు ఉన్నదా? అద్దె ఇల్లయితే ముందు ఇంటి ఓనరును అడగండి. బదిలీల ఉద్యోగమైతే రాబోయే ఊరిని కూడా లెక్కలో వేసుకోండి. సామాను లారీ ఎక్కిన రోజున వీధిలో విడిచిపెట్టబడిన కుక్క ఆ ఖాళీ ఇంటి గేటు ముందే రోజుల తరబడి పడుకుంటుంది. ఇంట్లో పెరిగిన కుక్కకు వీధిలో తిండి వెదుక్కోవడం తెలియదు, వీధి కుక్కలు దానిని రానివ్వవు.

నాలుగవది, ఖర్చు ఎంత? కొన్న ధర ఒక్కసారితో పోతుంది. తిండి, టీకాలు, నట్టల మందు, జబ్బు చేస్తే వైద్యం ఏటా ఉంటాయి. వీధిలో దొరికిన ఉచిత కుక్కపిల్లకు కూడా ఈ ఖర్చు తప్పదు.

ఈ నాలుగింటిలో ఒక్కదానికి జవాబు దొరకకపోయినా, "ఇప్పుడు వద్దు" అని పిల్లలకు చెప్పడంలో తప్పు లేదు. కారణం చెప్పి వద్దంటే పిల్లలు అర్థం చేసుకుంటారు.

కుక్క: పేరు చూడకండి, తత్వం చూడండి

మన ప్రాంతపు ఎండలు మీకు తెలియనివి కావు. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో 45 డిగ్రీలు దాటుతుంది. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడం ద్వారానే అది ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. 2003లో ఒక సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటన వచ్చినప్పటి నుండి అందరికీ ముద్దొచ్చిన పగ్ కుక్కకు ముక్కు చప్పిడి. గాలి సరిగా ఆడక అది ఎండలో త్వరగా సొమ్మసిల్లుతుంది. సైబీరియా మంచులో బండ్లు లాగడానికి పెంచిన హస్కీని తెచ్చి విజయవాడ అపార్ట్‌మెంట్‌లో ఉంచితే అది జీవితమంతా ఏసీ గదిలో బందీగా బ్రతకాలి. డబ్బున్నది కదా అని చేయదగిన పని కాదు ఇది.

లాబ్రడార్ మంచి స్వభావం గల కుక్క. పిల్లలతో కలిసిపోతుంది. అయితే అది బలమైన పనికుక్క, రోజుకు గంటసేపైనా నడవాలి, పరుగెత్తాలి. పెట్టినదంతా తిని లావెక్కే గుణం దానికి ఎక్కువ. అలా లావెక్కితే కీళ్ళు పాడవుతాయి. మోకాళ్ళ నొప్పులున్న తల్లిదండ్రులకు లాబ్రడార్ పిల్లను ఇవ్వడం ప్రేమతో చేసిన పనే, కాని ఆ ప్రేమ వారి వయసును చూడలేదు. పెద్దవారికి తోడు కావాలంటే అల్లరి తగ్గిన, నెమ్మదైన, నాలుగైదేళ్ళ చిన్న కుక్కను ఇవ్వండి. మాస్టారు గారికి మా సలహా ఏమిటంటే, ఉదయం సాయంత్రం దానిని నడిపించడానికి వీధిలో నమ్మకమైన కుర్రవానిని కుదుర్చుకోండి, ఆ ఖర్చు అబ్బాయిని పంపమనండి. ఒక ఏడాది కష్టపడితే, రెండేళ్ళు నిండేసరికి లాబ్రడార్ చాలావరకు కుదురుకుంటుంది.

మన నాటు కుక్కను మనమే చిన్నచూపు చూస్తాము. పొట్టి వెంట్రుకలు, సన్నని శరీరం, తరతరాలుగా ఈ ఎండకు అలవాటైన ప్రాణం. చిన్నప్పుడే తెచ్చి, టీకాలు వేయించి, మనుషుల మధ్య పెంచితే విశ్వాసంలో ఏ విదేశీ జాతికీ తీసిపోదు. హైదరాబాదులో 1992లో అక్కినేని అమల గారు ప్రారంభించిన బ్లూ క్రాస్ వంటి సంస్థలు ఇలాంటి కుక్కపిల్లలను పెంపకానికి ఇస్తుంటాయి.

కొనేవారు ఒక సంగతి గుర్తుంచుకోండి. 8 వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. తల్లిపాలు, తోబుట్టువులతో ఆట ఆ ఎనిమిది వారాలలో దానికి ఎంతో నేర్పుతాయి. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివారికి నొప్పి కలుగుతుందో అది ఆ ఆటలోనే నేర్చుకుంటుంది. నెల రోజుల పిల్లను అట్టపెట్టెలో పెట్టి అమ్మేవారి దగ్గర కొనకండి. వీలైతే తల్లికుక్కను చూడండి. కళ్ళు, ముక్కు శుభ్రంగా ఉండాలి. పొట్ట ఉబ్బి ఉంటే కడుపులో నట్టలున్నాయని అనుమానించాలి.

తిండి విషయంలో మన ఇళ్ళలో పాలన్నం, పెరుగన్నం పెట్టి సరిపెడతారు. అది కడుపు నింపుతుంది గాని ఒంటికి చాలదు. ఉడికించిన గుడ్డు, ఎముక తీసిన మాంసం, కొంచెం కూరగాయలు కలపండి. ఉప్పు, కారం, మసాలా వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష దానికి విషం. క్రిస్మస్ నాడు పిల్లలు ప్రేమతో కేకు ముక్క పెట్టబోతారు. అందులో ఎండుద్రాక్ష ఉంటుందని గుర్తుంచుకోండి. బిర్యానీలో మిగిలిన ఎముకలు కూడా పెట్టకండి. ఉడికిన కోడి ఎముక ముక్కలై పేగులో గుచ్చుకుంటుంది.

వేసవిలో పిడుదులు పడతాయి. మనవారు గోమార్లు అని కూడా అంటారు. అవి రక్తం త్రాగడమే కాక ప్రాణాంతకమైన జ్వరాన్ని కుక్కకు అంటిస్తాయి. చెవుల లోపల, కాలివేళ్ళ సందుల్లో వారానికి రెండుసార్లు చూడండి. మనిషికి వాడే పురుగుల మందు పూయకండి, పశువైద్యుని అడిగి మందు తెచ్చుకోండి. మధ్యాహ్నం సిమెంటు రోడ్డు మీద నడిపించకండి. మీ అరచేయి ఐదు సెకన్లు ఆ రోడ్డు మీద ఆనించలేకపోతే, కుక్క పాదం కూడా ఆనించలేదు.

కుక్క చెప్పే మాట

తోక ఊపితే సంతోషమని అందరూ అనుకుంటారు. ఎప్పుడూ కాదు. ఒళ్ళు బిగబట్టి, తోక నిటారుగా పెట్టి కొద్దిగా ఊపే కుక్క హెచ్చరిస్తున్నదని అర్థం. చెవులు వెనక్కి వంచడం, పెదవి పైకి లేపడం, కంటి తెల్లగుడ్డు కనిపించేటట్టు ఓరగా చూడడం, ముఖం ప్రక్కకు త్రిప్పుకోవడం, ఇవన్నీ "దూరంగా ఉండు" అని చెప్పే మాటలే. ఆ మాట వినకపోతేనే కరుస్తుంది. పిల్లలను కరిచేవి చాలాసార్లు వారికి తెలిసిన కుక్కలే. తింటున్న కుక్కను, నిద్రపోతున్న కుక్కను, పిల్లలకు పాలిస్తున్న కుక్కను ముట్టుకోకూడదని నేర్పండి. ఐదేళ్ళ లోపు బిడ్డను ఎంత మంచి కుక్కతోనైనా ఒంటరిగా విడిచిపెట్టకండి.

రోజంతా గొలుసుతో కట్టేస్తే కాపలా బాగా కాస్తుందని ఒక నమ్మకం ఉన్నది. కట్టేసిన కుక్క పారిపోలేదు గనుక భయపడి అరుస్తుంది, మీదికి వస్తుంది. దానిని మనం పౌరుషమనుకుంటాము. ఇంటి మనుషుల మధ్య తిరిగే కుక్కే ఇంటిని తనదనుకొని కాస్తుంది.

ఇక్కడ కొంచెం ఆగి చదవండి

మిగిలినదంతా మరచిపోయినా ఫరవాలేదు గాని, ఈ భాగం మరువకండి. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత దానికి మందు లేదు. లక్షణాలు రాకముందు మాత్రం నూటికి నూరుపాళ్ళు అనదగినంతగా అడ్డుకోవచ్చును. 1885 జూలై 6న ఫ్రాన్సులో లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మీస్టర్ అనే తొమ్మిదేళ్ళ బాలునికి మొదటిసారి ఈ టీకా ఇచ్చి బ్రతికించాడు. అందుకే జూలై 6ను జంతువుల నుండి మనుషులకు సోకే వ్యాధుల దినంగా పాటిస్తారు. ఆ రోజున మన రెండు రాష్ట్రాలలోని పశువుల ఆసుపత్రులలో పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకా వేస్తుంటారు. క్యాలెండరులో ఇప్పుడే గుర్తు పెట్టుకోండి.

కుక్కపిల్లకు ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ వంటి వ్యాధులకు టీకాలు మొదలవుతాయి. మూడు నాలుగు వారాల ఎడంతో నాలుగు నెలల వయసు వరకు వేయించాలి. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, డాక్టరు చెప్పిన ప్రకారం బూస్టరు, ఆపైన ఏటా ఒకసారి. పిల్లికి కూడా రేబిస్ టీకా తప్పనిసరి. కుక్కపిల్లకు మూడు నెలల వయసు వరకు పదిహేను రోజులకొకసారి, ఆరు నెలల వరకు నెలకొకసారి, ఆ తర్వాత మూడు నెలలకొకసారి నట్టల మందు వేయించండి. దాని కడుపులోని నట్టలు మట్టిలో ఆడుకునే మన పిల్లలకు కూడా సోకుతాయి.

ఏ కుక్క కరిచినా, గీరినా, అది వీధి కుక్క అయినా మన ఇంటి కుక్క అయినా, మొదటి పని గాయాన్ని ధారగా పడే నీళ్ళ క్రింద సబ్బుతో 15 నిమిషాలు కడగడం. కారం, సున్నం, పసుపు, కాఫీ పొడి, ఆకు పసరు ఏదీ పెట్టకండి. కట్టు గట్టిగా కట్టకండి. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి, అక్కడ టీకా ఉచితం. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిచే కాలం పోయింది. ఇప్పుడు చేతి చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు, నాలుగుసార్లు వెళితే సరిపోతుంది. రక్తం వచ్చిన గాయమైతే వాటితో పాటు గాయంలో సీరం కూడా వేస్తారు. "రెండు వేయించాము, బాగానే ఉన్నాడు కదా" అని మధ్యలో మానకండి. "కుక్కను పది రోజులు చూసి అప్పుడు వెళదాం" అని ఆగకండి. వైద్యం మొదలుపెట్టి, ప్రక్కన కుక్కను గమనించండి.

ఇంకొక మాట తల్లిదండ్రులతో. తిడతారనే భయంతో కుక్క గీరిన సంగతి పిల్లలు దాచిపెడతారు. చిన్న గీతే కదా అని వాళ్ళు అనుకుంటారు. ఈ రాత్రే మీ బిడ్డలను దగ్గర కూర్చోబెట్టుకొని, "కుక్క గాని పిల్లి గాని కరిచినా, గీరినా వెంటనే చెప్పండి, మేము తిట్టము, కొట్టము" అని మాట ఇవ్వండి. ఆ ఒక్క మాట ఒక ప్రాణాన్ని నిలబెట్టవచ్చును.

పిల్లి

ఉద్యోగాలకు వెళ్ళే భార్యాభర్తలకు, చిన్న ఇంటివారికి, పెద్దవయసు వారికి పిల్లి చక్కగా సరిపోతుంది. నడిపించనక్కర లేదు, స్నానం చేయించనక్కర లేదు, తన ఒంటిని తానే నాకి శుభ్రం చేసుకుంటుంది. ఇసుక పోసిన ట్రే ఒక మూల పెడితే రెండు మూడు రోజుల్లో అలవాటు పడుతుంది. ఆ ట్రేను రోజూ శుభ్రం చేయాలి. ఇంట్లో గర్భవతి ఉంటే ఆ పని ఆమెకు పెట్టకండి. పిల్లి మలంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది.

పిల్లి పాలు త్రాగడం మన సామెతలలో ఉన్నది గాని, పెద్ద పిల్లులలో చాలావాటికి పాలు అరగవు. అది పూర్తిగా మాంసాహారి. చేప, కోడిమాంసం లేకుండా పాలన్నంతో పెంచితే కళ్ళు, గుండె దెబ్బతింటాయి. మాంసం ఇంటికి రానివ్వని వారు పిల్లిని పెంచకపోవడమే దానికి మేలు. జ్వరం వచ్చిందని మనం వేసుకునే పారాసెటమాల్ బిళ్ళ ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయడానికి. ఎదురొస్తే అపశకునమని రాళ్ళు వేసే పాడు అలవాటును మాత్రం మన పిల్లలకు అంటనివ్వకండి.

కుక్కకైనా పిల్లికైనా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించండి. ఆడపిల్లి ఏడాదికి రెండు మూడుసార్లు ఈనగలదు. ఆ పిల్లలను గోనెసంచిలో వేసి ఊరి చివర విడిచివచ్చే పాపం కంటే ఆపరేషన్ ఎంతో మేలు.

చిలుక, లవ్ బర్డ్స్

విద్యార్థిని అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతున్నాము. రామచిలుకను పంజరంలో పెంచడం చట్టరీత్యా నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానిని కాపాడుతున్నది. 2022లో సవరించిన తర్వాత కూడా చిలుక ఆ రక్షణలోనే ఉన్నది. గోరింక, నక్షత్ర తాబేలు కూడా అంతే. తాబేలు ఇంట్లో ఉంటే కలిసి వస్తుందని కొనేవారు జైలును, జరిమానాను కొనుక్కుంటున్నారు. చెట్టు తొర్రలోని గూడు నుండి కళ్ళు తెరవని పిల్లలను దొంగిలించి తెచ్చి సంతలో అమ్ముతారు. దారిలోనే ఎన్నో చనిపోతాయి. మనం కొనకపోతే వారు దొంగిలించరు. ఇప్పటికే ఇంట్లో చిలుక ఉంటే పంజరం తలుపు తీసి వదిలేయకండి. ఏళ్ళ తరబడి పంజరంలో ఉన్న చిలుక సరిగా ఎగరలేదు, తిండి వెదుక్కోలేదు, కాకుల పాలవుతుంది. అటవీశాఖ వారికి అప్పగించండి.

మనం లవ్ బర్డ్స్ అని పిలిచే రంగురంగుల చిన్న పక్షులలో ఎక్కువ భాగం ఆస్ట్రేలియా దేశపు బడ్జీలు. 1840లో జాన్ గూల్డ్ వాటిని ఇంగ్లండుకు తెచ్చాడు. అప్పటి నుండి మనుషుల మధ్యనే పుట్టి పెరుగుతున్నాయి గనుక వాటిని పెంచుకోవచ్చును. ఒంటరిగా ఉంచకండి, జతగా ఉంచండి. పంజరం ఎత్తు కంటే పొడవు ముఖ్యం, అటూ ఇటూ ఎగరగలగాలి. కొర్రలు వాటికి ఇష్టమైన గింజ. ఆకుకూర, తోటకూర కాడలు కూడా ఇవ్వండి. పంజరాన్ని వంటింట్లో పెట్టకండి. నాన్‌స్టిక్ పెనం బాగా మాడితే వచ్చే పొగ మనకు వాసనగా తోచినా పక్షులను నిమిషాలలో చంపుతుంది.

చేపలు, కుందేళ్ళు

ఖర్చు తక్కువ, పని తక్కువ అని చేపలను తెస్తారు. గాజు గిన్నెలోని గోల్డ్ ఫిష్ వారానికే చనిపోతే "వాటి ఆయుష్షు అంతే" అంటారు. నిజానికి గోల్డ్ ఫిష్ జానెడు పెరిగి పదేళ్ళు బ్రతకగల చేప. చిన్న గిన్నెలో దాని మలం నుండి పుట్టే అమ్మోనియాయే దానిని చంపుతుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గల తొట్టికి 50 లీటర్ల పైగా నీళ్ళు పడతాయి. మొదలుపెట్టేవారు అందులో నాలుగైదు గప్పీలతో మొదలుపెట్టండి. కుళాయి నీళ్ళను ఒక రోజు బకెట్‌లో ఉంచితే క్లోరిన్ పోతుంది. వారానికి నాల్గవ వంతు నీళ్ళు మాత్రమే మార్చండి. మొత్తం నీళ్ళు పారబోసి తొట్టిని తోమితే మురికిని విరిచే మంచి సూక్ష్మజీవులు కూడా పోతాయి. మేత రెండు నిమిషాలలో తినగలిగినంతే వేయండి.

రూపాయి బిళ్ళంత పచ్చ తాబేలును కూడా తొట్టితో పాటు అమ్ముతారు. విదేశాల నుండి వచ్చిన ఆ ఎర్రచెవుల తాబేలు పళ్ళెమంత పెరిగి 20, 30 ఏళ్ళు బ్రతుకుతుంది. విసుగెత్తి చెరువులో వదిలితే మన చెరువులలోని తాబేళ్ళకు తిండి లేకుండా చేస్తుంది. కొనకపోవడమే మంచిది.

కుందేలు బొమ్మల పుస్తకంలో క్యారెట్ తింటుంది గాని, దానికి ముఖ్యమైన ఆహారం గడ్డి. పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. ఎత్తుకుంటే భయపడుతుంది. వేడికి అసలు ఓర్చుకోలేదు. చల్లని చోటు చూపలేని ఇంటికి కుందేలు వద్దు.

చివరి రోజులు

ఈ మాట వ్రాయకుండా ముగించలేము. మనం తెచ్చుకునే ప్రాణులలో చాలావరకు మనకంటే ముందే వెళ్ళిపోతాయి. ముసలితనంలో కుక్కకు చూపు తగ్గుతుంది, ఇంట్లోనే మూత్రం పోస్తుంది. పదేళ్ళు గేటు కాసినదానిని ఆ రోజున గేటు బయటికి నెట్టకండి. పిల్లలు చూస్తుంటారు. వయసైనవారిని ఇంట్లో ఎలా చూడాలో వారు మన ఉపదేశం కంటే దాని నుండే ఎక్కువ నేర్చుకుంటారు.

అది చనిపోయినప్పుడు "ఊరికి పంపించాము" అని బిడ్డకు అబద్ధం చెప్పకండి. చాలామంది పిల్లలకు మరణంతో అదే మొదటి పరిచయం. ఏడవనివ్వండి. కలిసి పూడ్చిపెట్టండి. "మనం దానిని బాగా చూసుకున్నాము" అని చెప్పగలగాలి. "టామీ ఎక్కడికి వెళ్ళింది?" అని అడిగితే, పిచ్చుకను కూడా మరువనివాడు దానినీ మరువలేదని చెప్పండి. మరుసటి వారమే ఇంకొక కుక్కపిల్లను తెచ్చి ఆ దుఃఖం మీద మూత వేయకండి. కొంతకాలం ఆగండి.

ఇప్పటికే ఇంట్లో ప్రాణి ఉన్నవారు ఈ వారం రెండు పనులు చేయాలని మా మనవి. దాని టీకా పుస్తకం తీసి తేదీలు చూడండి. గొలుసు ఉంటే దానిని విప్పే గంటలు లెక్కపెట్టండి. తెచ్చుకోవాలనుకుంటున్నవారు పై నాలుగు ప్రశ్నలకు కాగితం మీద జవాబులు వ్రాసి, క్రింద ఇంటివారందరూ సంతకం చేయండి. సామెతల గ్రంథం 12వ అధ్యాయం 10వ వచనాన్ని కుటుంబ ప్రార్థనలో చదువుకొని, ఆ తర్వాత నిర్ణయించుకోండి.